విరిగిన ప్లేటు ఏది?

నాయనకు రెండో ఆపరేషన్ అయిన మర్నాడు వార్డు బయట థియేటర్ కుర్రాడు కనిపిస్తే అడిగాను, "తమ్ముడూ, నిన్న తొడ లోపల్నుంచి తీసిన ప్లేటు ఏది?" అని. నన్ను ఎగాదిగా చూశాడు. బిల్లెంతయింది, కుట్లెప్పుడు విప్పుతారు, ఎప్పటికి నడుస్తాడు అని అడిగేవాళ్లు రోజూ ఉంటారు. విరిగిన ఇనప ముక్క కావాలన్నవాడు అతనికి నేనే మొదలు అయ్యుంటాను. "నీలం డబ్బాలో వేసుంటారు సార్. పొద్దున్నే బండొచ్చి తీసకపోయింది" అన్నాడు.

అతని తప్పేమీ లేదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఒంట్లోంచి తీసిన లోహపు ఇంప్లాంట్లు నీలం గుర్తున్న డబ్బాలోనే వేయాలి. డాక్టరుగారి దగ్గరికెళ్తే ఆయనా మర్యాదగానే మాట్లాడారు. "విరిగింది, తీసేశాం, రాడ్ వేశాం, ఎముక ముక్క పెట్టి అతికించాం. ఇక ఆ ప్లేటుతో పనేముంది బాబూ?" అన్నారు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. కాస్త పొడుగ్గా ఉంది.

ఇది 2018 సంగతి. పొదిలి నుంచి మార్కాపురం వచ్చే దారిలో, చీకటిపడ్డాక, గేదె అడ్డమొచ్చి నాయన బండి మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టీలు ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. మూడు నెలలకు కర్ర పట్టుకుని నడిచాడు, ఆరు నెలలకు కర్ర వదిలేశాడు. వద్దన్నా వినకుండా పలకల ఫ్యాక్టరీకి పోయి కూర్చునేవాడు. తొమ్మిదో నెలలో ఒక పొద్దున మంచం మీంచి లేస్తుంటే లోపల 'టక్'మంది. ఎక్స్‌రే తీస్తే ప్లేటు రెండు ముక్కలు. సరిగ్గా స్క్రూ వేయకుండా వదిలిన రంధ్రం దగ్గర విరిగింది. దాని కింద ఎముక ఇంకా అతకనే లేదు.

మా ఇంట్లో దీనికి మూడు కారణాలు పుట్టాయి. నాసిరకం ప్లేటు వేశారని బాబాయి. తొందరపడి నడిచాడని డాక్టరుగారు. చెడ్డ ఘడియలో బండెక్కాడని అమ్మ. అమ్మ మాటను ల్యాబులో పరీక్షించలేను. మిగిలిన రెండింట్లో ఏది నిజమో చెప్పగలిగిన సాక్షి ఒక్కటే ఉంది, దాన్ని బండి తీసుకుపోయింది.

లోహం ఒక్క దెబ్బకే విరగాలని లేదు. సైకిల్ పుల్లను అటూ ఇటూ వంచుతూ ఉంటే కాసేపటికి తెగుతుంది కదా, అదే అలసట, ఇంజనీర్లు ఫటీగ్ అంటారు. మామూలుగా తిరిగే మనిషి ఒక్కో కాలు ఏడాదికి దాదాపు 10 లక్షల అడుగులు వేస్తుందని ఇంప్లాంట్లు పరీక్షించేవాళ్లు లెక్క కడతారు. ఎముక అతికితే బరువు అది పంచుకుంటుంది. అతక్కపోతే ప్రతి అడుగూ ప్లేటు మీదే. అంటే ఎముక ముందు అతుకుతుందా, ప్లేటు ముందు అలసిపోతుందా అని తొడలో పందెం నడుస్తుంటుంది. అలసి విరిగిన లోహాన్ని భూతద్దంతో చూస్తే విరుపు మీద వరసగా గీతలు కనిపిస్తాయి. కొత్తపట్నం ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లాగే ఉంటాయి, వాటి పేరు కూడా బీచ్ మార్కులే. పగులు ఎక్కడ పుట్టిందో, ఎటు పాకిందో అవి చెబుతాయి. లోహంలోనే మలినం ఉందా, ఎముక వంపుకు తగ్గట్టు ప్లేటును వంచేటప్పుడు గీత పడిందా, ఏ లోపమూ లేని ప్లేటు మీద మోయలేనంత కాలం బరువు పడిందా, అన్నీ ఆ విరుపు మీద రాసుంటాయి. చదివేవాడు ఉండాలి. అంతకన్నా ముందు ముక్క ఉండాలి.

అప్పట్లో నేను బెంగళూరులో విమాన భాగాల కాంపోజిట్లు (నారా జిగురూ కలిపి చేసే పదార్థాలు) పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. "మావాడు విమానాలు చేస్తాడు" అని అమ్మ వీధిలో చెప్పుకునేది. నిజానికి నేను చేసింది ఒక్కటీ లేదు. విరగ్గొట్టడమే నా ఉద్యోగం. రెసిన్ అనే జిగురు పట్టించిన కార్బన్ నార బట్టను పొరలు పొరలుగా పేర్చి, ఆటోక్లేవ్‌లో 180 డిగ్రీల దగ్గర ఒత్తిడి పెట్టి ఉడికించి, బద్దలుగా కోసి, మెషీన్లో లాగి, వంచి, గుద్ది విరగ్గొట్టేవాళ్లం. (ఆసుపత్రిలోనూ ఆటోక్లేవ్ ఉంటుంది, 121 డిగ్రీల దగ్గర కత్తెరల మీది సూక్ష్మజీవుల్ని చంపుతుంది. మా దాంట్లో విమానం రెక్క పడుతుంది. పేరొక్కటే.) విరిగిన ప్రతి ముక్కకూ నంబరు రాసి, కవర్లో వేసి, బీరువాలో పెట్టాలి. ఆ ముక్క ఏ రోల్లోంచి వచ్చింది, రోలు ఫ్రీజర్ బయట ఎన్ని గంటలుంది, పొరలు పేర్చిందెవరు, అన్నీ కాగితం మీద ఉండాలి. బొటనవేలంత ముక్క, ఏ విమానంలోనూ ఎగరదు. అయినా పారేస్తే సంజాయిషీ రాసుకోవాల్సిందే.

అలాంటి చోట జీతం తీసుకునేవాణ్ని, నాయన తొడలో తొమ్మిది నెలలు ఆయన్ని మోసిన ప్లేటును దక్కించుకోలేకపోయాను.

మార్కాపురం పలకల ఊరు. తెలుగు నేల మీద ఎన్నో తరాలు మా రాయి మీదే అ ఆలు దిద్దాయి. ప్లాస్టిక్ పలకలు, నోటుబుక్కులు వచ్చాక బడి పలక పోయి, ఇళ్ల గోడలకు అంటించే డిజైన్ పలకలు మిగిలాయి గానీ రాయి అదే. ఒకప్పటి బురద పొరలు పొరలుగా పేరుకుని, భూమి ఒత్తిడికి రాయి అయింది. అంచున ఉలి పెట్టి సుత్తితో సున్నితంగా తట్టితే పుస్తకంలో కాగితం విడిపోయినట్టు విడిపోతుంది. నాయన చేతిలో పనంతా అదే, రాయి ఎటు విడిపోవాలనుకుంటుందో అటే తట్టడం. అయితే ఆ విడిపోయే గుణమే దాని రోగం కూడా. పైకి నున్నగా, ఎంతో బాగున్న పలక లోపల పొర వదిలేసి ఉంటుంది. కోతకు పెట్టాక పెచ్చులూడుతుంది. అందుకే ముందు వేలి కణుపుతో కొట్టి వినేవాడు. మంచి పలక ఖంగున మోగుతుంది, పొర వదిలింది మొద్దుగా పలుకుతుంది.

ల్యాబులో చేరిన మొదటి నెల మా సీనియరు ఒకాయన జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, రెక్క ముక్క మీద టక్కుటక్కున కొడుతూ చెవి పెట్టి వింటుంటే నాకు నవ్వాగలేదు. చదువుకోడానికి నన్ను ఇంత దూరం పంపించి నాయన చేసే పనే చేయిస్తున్నారే అనుకున్నాను. నాణెంతో తట్టి చూడటం విమానాల తనిఖీలో నిజంగా ఉన్న పద్ధతే. అనుమానం తగిలితే తర్వాత అల్ట్రాసౌండ్ పెడతారు, గర్భిణులకు తీసే స్కానింగ్ లాంటిదే.

కాంపోజిట్ అంటే మా పలకకు చుట్టమే. ఒక్కో పొర మిల్లీమీటరులో ఐదో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. ఒక పొరలో నార నిలువుగా, మరోదాంట్లో ఏటవాలుగా, ఇంకోదాంట్లో అడ్డంగా పేరుస్తారు. నార వెంట లాగితే, అదే బరువున్న స్టీలు దాని ముందు నిలవదు. కానీ పొరకూ పొరకూ మధ్య నార లేదు, జిగురే ఉంది. పనివాడి చేతిలోంచి రెంచి జారి రెక్క మీద పడిందనుకోండి. అల్యూమినియం రెక్కయితే బిందెకు పడినట్టు సొట్ట పడి పట్టిస్తుంది. కాంపోజిట్ మీద గోటి నొక్కంత గుర్తు కూడా మిగలకపోవచ్చు, లోపల మాత్రం పొరలు చెయ్యంత మేర వదిలేసి ఉండొచ్చు. కంటికి ఆనీ ఆనని దెబ్బ అని దానికొక శాస్త్రమే ఉంది.

దీనికి విమానాలవాళ్లు కనిపెట్టిన మందు మరింత గట్టి పదార్థం కాదు. ఆ దెబ్బ ముందే తగిలిందని, ఎవరూ చూడలేదని, విమానం బతికినంత కాలం చూడరని అనుకుని డిజైన్ చేస్తారు. ఆ దెబ్బతోనే రెక్క, వాడకంలో రాగల అతిపెద్ద భారానికి ఒకటిన్నర రెట్లు మోయాలి. బోయింగ్ 787 బరువులో దాదాపు 50 శాతం, ఎయిర్‌బస్ ఏ350లో 53 శాతం, మన తేజస్ నిర్మాణంలో 45 శాతం కాంపోజిట్లే. అంత బరువూ ఈ అనుమానం మీదే ఎగురుతోంది.

ఈ అనుమానం ఊరికే రాలేదు, శవాల లెక్క మీద వచ్చింది. 1954 జనవరి 10న ఎల్బా దీవి దగ్గర కామెట్ జెట్ విమానం గాల్లోనే ముక్కలై మధ్యధరాలో పడింది. బ్రిటిష్ నౌకాదళం సముద్రం అడుగు నుంచి ముక్కలు ఏరి తెచ్చింది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. మరో కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, ఎక్కి దిగినట్టుగా లోపల ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోయారు. నేల మీద పెట్టినవీ, అంతకు ముందు నిజంగా ఎగిరినవీ కలిపి 3,057 ప్రయాణాల లెక్క దగ్గర క్యాబిన్ చీలింది. లోహం అలసిపోతోందని అలా తేలింది. 1969 డిసెంబరు 22న అమెరికా ఎఫ్-111 యుద్ధ విమానం రెక్క ఊడింది. గట్టిగా వంద గంటలు ఎగిరిందేమో. రెక్క తిరిగే ఇరుసు దగ్గరి స్టీలు భాగంలో తయారీ నాడే పగులుంది, తనిఖీలన్నీ దాన్ని దాటేశాయి. పగులు లేదని నమ్మడం మానేసి, ఉందని మొదలుపెట్టే పద్ధతి ఆ తర్వాతే అక్కడి వైమానిక దళంలో రూలయింది.

నాకు బాగా గుర్తుండేది మాత్రం మూడోది. 2001 నవంబరు 12న న్యూయార్క్‌లో ఒక ఏ300 విమానం లేచిన కాసేపటికే దాని తోక మీది నిలువు రెక్క ఊడిపోయింది. 265 మంది పోయారు. ఆ రెక్క కాంపోజిట్. సహజంగానే వేళ్లన్నీ కార్బన్ వైపు తిరిగాయి. రెక్క జమైకా బే నీళ్లలో దొరికింది. దాన్ని ఒంటికి పట్టి ఉంచే చెవుల్లాంటి బిగింపుల్ని ల్యాబులో పొర పొరా చూశారు. డిజైన్ చేసిన దానికి మించిన భారం పడ్డాకే అది విరిగిందని, ఆ భారం రడ్డర్‌ను, అంటే తోక చుక్కానిని, అవసరం లేకుండా అటూ ఇటూ తొక్కడం వల్ల వచ్చిందని, రడ్డర్ తీరు, పైలట్లకు ఇచ్చిన శిక్షణ కూడా అందుకు తోడయ్యాయని 2004లో తేల్చారు. ఆ ముక్క దొరక్కపోతే కాంపోజిట్ ఈ రోజుకీ ముద్దాయిగానే ఉండేది. విరిగిన ముక్క నేరం మోపడానికే కాదు, నిర్దోషిని విడిపించడానికి కూడా. నాయన ప్లేటు చేతిలో ఉండుంటే మా బాబాయి నోటి నుంచి ఆ డాక్టరుగారిని అది కాపాడి ఉండేదేమో.

ఇక ఎముక సంగతి. ఎముక కూడా కాంపోజిట్టే. కొల్లాజెన్ అనే నార, దాని మీద కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం. నార వంగనిస్తుంది, ఖనిజం నిలబెడుతుంది. రెంటి పాళ్లు చెడితే ఏమవుతుందో మా వైపు వాళ్లకు ఎవరూ పుస్తకంలో చూపించక్కర్లేదు. మా జేజిది పొదిలి దగ్గరి పల్లె. నడుం వంగి, మెడ తిప్పలేక, మనిషి మొత్తం తిరిగి చూసేది. ఫ్లోరైడ్ నీళ్లు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి 1937లో పత్రిక కెక్కించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరువే. ఫ్లోరైడ్ ముదిరిన ఎముక ఎక్స్‌రేలో సున్నం కొట్టిన గోడలా తెల్లగా, దిట్టంగా కనిపిస్తుంది. చూస్తే మామూలు దానికన్నా గట్టిదనిపిస్తుంది. కానీ పెళుసు. గట్టితనం, బలం ఒకటి కాదని నేను ఎం.టెక్‌లో కాదు, జేజి దగ్గర నేర్చుకోవాల్సింది. అప్పుడు నాకు ఆ దృష్టి లేదు.

ఇంప్లాంట్లలో ఇదే తిరకాసు. బిగువు, అంటే బరువుకు వంగకుండా నిలిచే గుణం, లెక్క వేస్తే స్టీలు దాదాపు 200 గిగాపాస్కల్, టైటానియం మిశ్రమం 110, గట్టి ఎముక 15 నుంచి 20. కాడికి ఒక పక్క ఒంగోలు గిత్తను, ఇంకో పక్క బక్క దూడను కడితే ఏమవుతుంది? బరువంతా గిత్త లాగుతుంది, దూడకు పని తెలియదు. స్టీలు పక్కన ఎముకకూ అదే గతి. బరువు పడని ఎముక కరిగిపోతుంది. ఎముక తన మీద పడే బరువును బట్టే రూపు దిద్దుకుంటుందని జర్మన్ డాక్టరు యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అందుకే కార్బన్ నార కలిపిన పీక్ అనే ప్లాస్టిక్‌తో ప్లేట్లూ రాడ్లూ చేస్తున్నారు. దాని బిగువు ఎముకకు దగ్గరగా ఉంటుంది. పైగా ఎక్స్‌రేలో నీడ పడదు, కాబట్టి లోపల ఎముక అతికిందో లేదో, గడ్డ తీసిన చోట మళ్లీ పెరిగిందో లేదో కనిపిస్తుంది. విమానం రెక్కలోంచి నేరుగా నాయన తొడలోకి వచ్చే వస్తువు ఏదైనా ఉంటే అదే.

ఇక్కడే నా తోటివాళ్లతో నాకు పేచీ. సభల్లో, కాలేజీ సెమినార్లలో అందరూ ఈ పదార్థం గురించే మాట్లాడతారు. మొన్నటి రెక్క నేటి ఎముక అని చప్పట్లు కొట్టిస్తారు. నేనూ కొట్టించాను, ఒప్పుకుంటాను. కానీ పదార్థం వచ్చి అలవాటు రాకపోతే ఏమవుతుందో మనకు ఇదివరకే తెలుసు. 1970ల్లో మోకాలి కీళ్లలో వాడే పాలీఎథిలీన్ ప్లాస్టిక్‌కు కార్బన్ నార కలిపారు. కాగితం మీద బ్రహ్మాండం. ఒంట్లో పెట్టాక మామూలు ప్లాస్టిక్ కన్నా త్వరగా చెడింది, మార్కెట్ నుంచి పోయింది. ఇప్పటి కార్బన్ పీక్ అంత అధ్వానం కాదు, మంచిదే. కాకపోతే స్టీలు ప్లేటుకు ఎన్నో రెట్లు ఖరీదు, స్టీలులా థియేటర్లో చేత్తో వంచుకోవడం కుదరదు. దాన్ని మార్కాపురం రైతుకో, క్వారీ కూలీకో అందించే రోజు దగ్గర్లో లేదు. స్టీలు ప్లేటు ఇంకా చాలా ఏళ్లు మనతోనే ఉంటుంది. విరిగే ప్లేట్లు కూడా.

కలాం గారి కాలిపర్ల కథ చెప్పనివారు ఉండరు. హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల పైబడ్డ లోహపు కాలిపర్లు ఈడుస్తుంటే, క్షిపణుల పనిలోంచి వచ్చిన తేలిక పదార్థంతో 300 గ్రాములవి చేయించారు. నిజంగానే గొప్ప పని. అయితే ఆ కథలో నాకు ఇంకొకటి కనిపిస్తుంది. కాలిపర్ కాలి బయట ఉంటుంది. పగిలితే పిల్లవాడు దాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి తెస్తాడు, చేసినవాడు చూసి మరోటి బాగా చేస్తాడు. ప్లేటుకు ఆ దారి లేదు. తోలు కింద విరుగుతుంది, థియేటర్లో బయటికొస్తుంది, నీలం డబ్బాలో పడుతుంది. తయారు చేసినవాడికి తన వస్తువు ఎలా చచ్చిందో తెలియదు.

ఇంతవరకూ రాసినది చదివి నేనేదో ఆసుపత్రుల మీద పగబట్టానని అనుకోకండి. నా సొంత వెధవపని ఒకటి చెప్పాలి.

2021లో ఉద్యోగం మానేసి నెల్లూరు వచ్చాను. ఇంకొక మిత్రుడితో కలిసి చిన్న యూనిట్ పెట్టాం. సీటీ స్కాన్ తీసుకుని, కంప్యూటర్లో ఎముకను విడదీసి, త్రీడీ ప్రింటర్లో దాని నమూనా, డ్రిల్లు ఎక్కడ ఎంత వాలులో దిగాలో చూపించే గైడ్లు చేస్తాం. ఈ రంగానిదీ విమానాలదీ ఒకే ఇల్లు. ఇంప్లాంట్లలో వాడే టైటానియం మిశ్రమం 1950ల్లో విమానాల కోసం పుట్టినదే. జెట్ ఇంజన్ ఇంధన నాజిల్‌ను 20 ముక్కల బదులు ఒకే ముక్కగా ప్రింటు చేస్తున్న లేజర్ పద్ధతితోనే ఎముక లోపలికి పెరిగేలా గుల్లగుల్లగా ఉండే తుంటి గిన్నెలు కూడా చేస్తున్నారు. మాది అంత పెద్ద యంత్రం కాదు, ప్లాస్టిక్‌ది.

ప్రింటరు కూడా పొర మీద పొర వేసేదే. పొర వెంట బలం, పొరల మధ్య బలహీనం. మార్కాపురం వాడికి ఇది చెప్పాలా? అయినా ఒక గైడ్‌ను టైము కలిసొస్తుందని నిలబెట్టి కాకుండా తప్పు వైపుకు పడుకోబెట్టి ప్రింటు చేశాను. ఆపరేషన్‌కు ముందు నమూనా ఎముక మీద డాక్టరు సరిచూస్తూ డ్రిల్లు గొట్టం నొక్కారు. గైడ్ పలకలా పొర దగ్గర విడిపోయింది. దేవుడి దయ, అది నమూనా. అదే రాత్రి సరైన వైపుకు తిప్పి ఇంకోటి ప్రింటు చేసి ఇచ్చాను, పని సాఫీగా అయింది.

మర్నాడు మిత్రుడు అడిగాడు, "పగిలిన గైడ్ ఏది?" అని.

డస్ట్‌బిన్‌లో వేసేశాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడలేదు. ఆ పగిలిన దాన్ని టేబుల్ మీద చూస్తుంటే నాకు సిగ్గేసింది, కంటికి కనపడకుండా చేశాను. ఆ డాక్టరుగారు, థియేటర్ కుర్రాడు, నేను, ముగ్గురం ఒకే జాతి. నిబంధన లేకో, మైక్రోస్కోపు లేకో మనం ముక్కలు పారేయం. విరిగింది మన చేతిలోనిది కాబట్టి పారేస్తాం.

విమానాలవాళ్లకు సిగ్గు లేదా? ఉంటుంది. అందుకే వాళ్లు సిగ్గుతో పని లేకుండా చేసుకున్నారు. ప్రమాదాల దర్యాప్తు మీద అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రూలు, అనెక్స్ 13 అంటారు, ఒక్క మాట స్పష్టంగా చెబుతుంది. దర్యాప్తు మళ్లీ జరక్కుండా చూడటానికే, ఎవరి మీదా నేరం మోపడానికి కాదు. శిక్ష వేయాలంటే కోర్టు వేరే ఉంది. ముక్కను చూసే బల్ల, శిక్ష వేసే బల్ల ఒకటైతే ముక్క మాయమవుతుంది. మన ఆసుపత్రుల్లో ఈ రెండూ ఒకటే. ప్లేటు అడిగినవాడు కేసు వేసేవాడే అని డాక్టరు అనుకుంటారు. చాలాసార్లు నిజం కూడా. అడిగే పద్ధతి ఇంకోటి మనకు తెలియదు.

ఈ మాటలన్నీ ఓసారి పండక్కి ఇంటికెళ్లినప్పుడు నాయన ముందు పెట్టాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. ఆయన ఆసుపత్రి పక్షం చేరాడు. "క్వారీలో రోజుకు ఎన్ని పలకలు పగులుతాయిరా? ఒక్కోదానికి కవరు, నంబరు, బీరువా అంటే కూలి ఎవడిస్తాడు? పగిలినదాన్ని దాచుకుంటే ఏం కూడొస్తది అబ్బయ్యా?" అన్నాడు. తీసిపారేసే ప్రశ్న కాదు. విమానాలు వేలల్లో ఉంటాయి, విరిగే కాళ్లు లక్షల్లో. ఒక్కో విమానానికి పెట్టే కాగితపు ఖర్చు ఒక్కో కాలికి పెడితే ఆరోగ్యశ్రీ రోగికి ప్లేటే అందదు.

నా జవాబు ఇది. పగిలిన ప్రతి పలకా దాచక్కర్లేదు నాయనా, కానీ ఒకే గుట్ట నుంచి వచ్చిన పలకలు వరసగా పగులుతుంటే ఆ గుట్టలో తవ్వడం ఆపుతావు కదా. ఆ వరస తెలియాలంటే ఎవరో ఒకరు లెక్క పెట్టాలి. లెక్క లేకపోతే ఏమైందో దేశం చూసింది. ఒక బహుళజాతి కంపెనీ ఏఎస్ఆర్ అనే లోహపు తుంటి కీలును 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. మన దేశంలో దాదాపు 4,700 మందికి దాన్ని వేశారు. కొన్నేళ్ల తర్వాత కమిటీ వేసి వెతికితే వాళ్లలో ఎక్కువ మంది ఆచూకీ దొరకలేదు. ఒంట్లో చెడ్డ కీలుతో ఎక్కడో తిరుగుతున్నారు, పిలవడానికి పేరు లేదు. ఒక విమానం మోడల్లో ఒక బోల్టు అనుమానం వచ్చిందంటే ఆ బోల్టు ఏయే విమానాల్లో ఉందో జాబితా తీయగలరు. మనిషి తుంటి ఎక్కడుందో మనం చెప్పలేకపోయాం.

ఇప్పుడు దారి అసలు లేకపోలేదు. వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేయడానికి 2015 జులై 6న మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది, ఘజియాబాద్‌లోని ఫార్మాకోపియా కమిషన్ చూస్తుంది. తీసిన ఇంప్లాంట్‌ను ఎలా భద్రపరచాలో, ఎలా పరీక్షించాలో చెప్పే ఐఎస్ఓ 12891 అనే ప్రమాణమూ ఉంది. విరుపు చూడగల మైక్రోస్కోపులకు కరువు లేదు. హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు చేసే మిధాని, విశాఖలో వైద్య పరికరాల మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి, పెద్ద ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు ఉన్నాయి. నేను కోరేది ఇంకో చట్టం కాదు. విరిగిన ఇంప్లాంట్లు మాత్రం, అన్నీ కాదు, శుభ్రం చేసి, దాని మీద చెక్కిన లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) కేసు షీట్లో రాసి, ఎక్స్‌రేతో కలిపి ఒక కవర్లో వేయాలి. ఆ కవరు జిల్లాకొక చోటికి, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల లాంటి చోటికి చేరాలి. డాక్టరు పేరు కవరు మీద అక్కర్లేదు. ఆ ముక్క మీద వచ్చిన నివేదిక ఎవరి మీదా కేసుకు పనికి రాదని ముందే తేల్చి చెప్పాలి. చివరి మాటకు రోగుల పక్షం వాళ్లు ఒప్పుకోరని నాకు తెలుసు, నేనే రోగి కొడుకుని. అయినా ఏదో ఒకటి వదులుకోవాలి. నాకు పరిహారం కన్నా కారణం కావాలి.

ఎన్నికలొచ్చినప్పుడల్లా దొనకొండలో బ్రిటిష్ కాలం నాటి రన్‌వే గుర్తొస్తుంది అందరికీ. ఏరోస్పేస్ హబ్ అంటారు, తుప్పలు కొట్టిస్తారు, మళ్లీ మొలుస్తాయి. చిన్నప్పుడు ప్యాసింజర్ కిటికీలోంచి ఆ వైపు చూస్తూ విమానం దిగుతుందేమోనని ఎదురుచూసేవాణ్ని. ఇప్పుడు ఆ ఆశ పెద్దగా లేదు. విమానాల నుంచి మా జిల్లాకు వచ్చేది ఒక్కటే అయితే, ఆ కవరు వచ్చినా చాలనుకుంటాను.

నాయన రెండో ఆపరేషన్‌లో వేసిన రాడ్ కింది స్క్రూ మోకాలి పైన గుచ్చుకుంటోందని, ఎముక పూర్తిగా అతికాక, దాన్ని మాత్రం తీశారు. ఈసారి నేను ముందే కాగితం రాసిచ్చాను. అదే డాక్టరుగారు, నవ్వుతూ, స్టీలు గిన్నెలో పెట్టి చేతికిచ్చారు. మైక్రోస్కోపు కింద చూశాను. మరల మీద కాస్త అరుగుదల తప్ప ఏమీ లేదు, మంచి స్క్రూ. మొదటి ప్లేటు గురించి అది ఏమీ చెప్పదు.

దాన్ని మార్కాపురంలో మా అటక మీది పాత పలకల డబ్బాలో పెట్టాను. పక్కనే ఒక పలక మీద బలపంతో తేదీ, లాట్ నంబరు, ఎడమ తొడ అని రాసి నిలబెట్టాను. మళ్లీ నెల్లాళ్లకు వెళ్తే పలక వంటింట్లో ఉంది. నా రాత తుడిచేసి, నాయన పాల లెక్క వేసుకుంటున్నాడు.